కీ తీస్తే ఆగాల్సినవీ, ఆగకూడనివీ: కొత్త పికప్ కొన్న మేనల్లుడికి

అల్లుడూ,

మీ అమ్మ బండి ఫొటోలు పంపింది. తెల్ల బొలెరో పికప్, బాగుంది. నువ్వు పెట్టిన లిస్టు కూడా చూశాను: క్యాబిన్‌లో ఫ్యాను, రెండు ఫోన్లకు ఛార్జరు, డ్యాష్ కెమెరా, వెనక బాడీలో లైట్లు, రివర్స్ కెమెరా, ట్రాకరు. కడియం నర్సరీల నుంచి హైదరాబాదుకు రాత్రిళ్లు మొక్కల లోడు తోలేవాడికి ఇవేవీ సోకులు కావు, కావాల్సినవే. కానీ "షాపువాడు రెండు గంటల్లో అన్నీ బిగించి ఇచ్చేస్తానన్నాడు మావయ్యా" అన్నావు చూడు, అక్కడే నాకు టెన్షన్ పట్టుకుంది.

ఆ రెండు గంటల్లో ఏం జరుగుతుందో చెబుతాను. కీ తీస్తే అన్నీ ఆగిపోవాలని నువ్వు అంటావు. అతను స్టీరింగ్ కింద చెయ్యి పెట్టి, కీ తిప్పితే కరెంటు వచ్చే వైరు ఒకటి వెతుకుతాడు. దాని పైతోలు గీకి, నీ సామానంతా ఆ ఒక్కదానికే మెలిపెట్టి, టేపు చుట్టేస్తాడు. ఆ రోజుకు అన్నీ వెలుగుతాయి. నువ్వు డబ్బులిచ్చి వచ్చేస్తావు.

అలా చేసిన పికప్ ఒకటి మా షెడ్డుకు వచ్చింది. కీ తీసి డ్రైవరు జేబులో వేసుకున్నా ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఇగ్నిషన్ స్విచ్ (కీ తిప్పే స్విచ్) వెనక కప్లర్, అంటే వైర్లు గుచ్చే ప్లగ్గు, లాగి చూస్తే తెల్లగా ఉండాల్సిన ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగింది. ఒక మూల కరిగి, లోపలి పిన్ను పక్కకు వాలింది. స్విచ్ లోపలి కాంటాక్టులు ఒకదానికొకటి అంటుకుపోయాయి. టాప్ మీది లైట్లు, ఫ్యాను, యాంప్లిఫయరు అన్నీ ఆ ఒక్క వైరు మీదే బతుకుతున్నాయి. మరి ఫ్యూజు పోలేదా అంటే, మొదట్లో పోయిందట. మళ్లీ మళ్లీ పోతుంటే ఎవరో 30 ఆంపియర్లది పెట్టేశారు.

ఇగ్నిషన్ స్విచ్ మేస్త్రీ లాంటిది. "లేపండి" అని కేకెయ్యడం వరకే దాని పని. మూటలు మొయ్యడానికి హమాలీ వేరే ఉండాలి. మన బండిలో ఆ హమాలీ రిలే. ఈ ఒక్కటి మనసులో పెట్టుకుంటే ఇక మిగిలిందంతా చేతిపనే.

షాపుకు వెళ్లేముందు కాగితం తీసుకుని, లిస్టులో ఒక్కోదాని ఎదురుగా "కీ తీస్తే ఇది ఆగాలా, వద్దా" అని రాసుకో. అన్నీ ఆగాలనుకోవడం తొందరపాటు. బాడీ లైట్లు చూడు. మొక్కలు ఎక్కించేది సాయంత్రం చీకటి పడ్డాక, దించేది తెల్లవారకముందు. రెండుసార్లూ ఇంజిన్ ఆపే ఉంటుంది, కీ నీ జేబులో ఉంటుంది. వాటిని కీతో ముడిపెడితే లైటు కోసం కీ ఆన్‌లో ఉంచుకుని కూర్చోవాలి. అవి నేరుగా బ్యాటరీ మీద, సొంత ఫ్యూజుతో, సొంత స్విచ్‌తో ఉండాలి. మర్చిపోతాననుకుంటే చిన్న ఎర్ర దీపం వెలిగే స్విచ్ తీసుకుని, డ్రైవరు సీట్లోంచి కనబడేచోట బిగించు. వాటి మొహం కిందికి ఉండాలి. రోడ్డు మీద వెలిగి ఉంటే వెనకొచ్చేవాడి కళ్లలో పడతాయి.

ట్రాకరు కూడా అంతే. బండిని ఎవడైనా తోలుకుపోయినప్పుడు పనికిరావాల్సిన వస్తువు కీతో పాటు నిద్రపోతే ఇంకెందుకు? దానికి మామూలుగా మూడు వైర్లు ఉంటాయి. ఎరుపు ఎప్పుడూ ఉండే కరెంటుకు, నలుపు ఎర్త్‌కు, అంటే బండి బాడీ రేకుకు. మూడోది కీ ఆన్‌లో ఉందా లేదా అని తెలుసుకోవడానికి. డ్యాష్ కెమెరాకు వైరింగ్ కిట్ కొంటే అందులోనూ మూడే ఉంటాయి. చాలా కిట్లలో పసుపు ఎప్పుడూ ఉండే కరెంటు, ఎరుపు కీతో వచ్చే కరెంటు, నలుపు ఎర్త్. రంగును నమ్మకుండా కిట్‌తో వచ్చే కాగితం చదువు. బ్యాటరీ వోల్టేజీ పడిపోతే తనంతట తానే ఆగిపోయే సదుపాయం ఉన్న కిట్టే తీసుకో. రివర్స్ కెమెరాకు రివర్స్ గేరు వేసినప్పుడు వచ్చే కరెంటు చాలు. దాని గురించి ఇంతకన్నా ఆలోచించకు.

ఇక కీతో పాటు ఆగాల్సినవి ఫ్యానూ, ఛార్జరూ. ఇక్కడో మెలిక ఉంది. కీ తిప్పే దారిలో లాక్, ఏసీసీ, ఆన్, స్టార్ట్ అని ఉంటాయి కదా. ఏసీసీలో మ్యూజిక్ లాంటి చిన్నచిన్నవి పనిచేస్తాయి. ఆన్‌లోకి వస్తే ఇంజిన్‌కు సంబంధించినవన్నీ మేలుకుంటాయి. బోయినపల్లి మార్కెట్టు దగ్గరో ఇంకెక్కడో బండి ఆపుకుని మధ్యాహ్నం ఓ కునుకు తీస్తావు, ఫ్యాను కావాలి. దాని కోసం కీని గంటల తరబడి ఆన్‌లో ఉంచితే బ్యాటరీ ఊరికే దిగిపోతుంది. అందుకని ఫ్యానూ ఛార్జరూ ఏసీసీలోనే పనిచేసేలా పెట్టు. దీనివల్ల ఇంకో లాభం. చాలా బండ్లలో సెల్ఫ్ కొట్టేటప్పుడు ఏసీసీ లైను ఆ కాసేపూ కట్ అవుతుంది. సెల్ఫ్ మోటారు వందల ఆంపియర్లు లాగుతుంది, బ్యాటరీ వోల్టేజీ పదికో, ఆ కిందికో పడుతుంది. అలాంటప్పుడు నీ సామాను దాని మెడకు వేలాడకుండా ఉంటే మంచిదే కదా.

ఇప్పుడు రిలే. అంగుళం సైజు నల్ల డబ్బీ. 12 వోల్టులది, 30 లేదా 40 ఆంపియర్లది, పేరున్న కంపెనీది కొను. కింద కాళ్ల దగ్గర నంబర్లు అచ్చువేసి ఉంటాయి. బ్యాటరీ పాజిటివ్ నుంచి ఫ్యూజు దాటి వచ్చిన లావు వైరు 30కి. సామానుకు వెళ్లే వైరు 87కి. కీ నుంచి వచ్చే సన్న వైరు 86కి, 85 ఎర్త్‌కి. కీ ఏసీసీలోకి రాగానే 85, 86 మధ్య ఉన్న కాయిల్ (తీగచుట్ట) అయస్కాంతంలా లాగుతుంది, టక్ మని చప్పుడొస్తుంది, 30 వచ్చి 87ను అంటుకుంటుంది. ఆ కాయిల్ తినేది సుమారు 150 మిల్లీ ఆంపియర్లు. అంటే కీ స్విచ్ మీద పడే బరువు అంతే. ఆవలి పక్క 20 ఆంపియర్లు పారినా స్విచ్‌కు తెలియదు.

ఐదు కాళ్ల రిలే ఇస్తే మధ్యలో 87ఏ అని ఉంటుంది. దాన్ని ముట్టుకోవద్దు. రిలే ఆగినప్పుడు కరెంటు ఉండేది ఆ కాలికే. పొరపాటున సామాను వైరు దానికి తగిలిస్తే కీ తీసినప్పుడు ఫ్యాను తిరుగుతుంది, కీ పెట్టగానే ఆగుతుంది. దెయ్యం పట్టిందనుకుంటారు. ఇంకోటి, నీది బీఎస్ 6 బండి, లోపల కంప్యూటర్లున్నాయి. కాయిల్ ఆగే క్షణంలో వెనక్కి ఎగిసే వోల్టేజీని అణిచే రెసిస్టరో డయోడో లోపల ఉన్న రిలే అడుగు. డయోడ్ ఉన్నదైతే 85, 86లకు పాజిటివ్, నెగటివ్ తారుమారు కాకూడదు. పైన బొమ్మ గీసి ఉంటుంది, చూసి పెట్టు. బిగించేటప్పుడు కాళ్లు కిందికి ఉండాలి, వానకు నీళ్లు పడినా నిలవకుండా.

ఆ సన్న వైరుకు కరెంటు ఎక్కణ్ణుంచి తేవాలి అన్నదే షాపువాళ్లు అడ్డదారి తొక్కేచోటు. దయచేసి ఏ వైరునూ కొయ్యనివ్వకు. కొత్త బండి, వారంటీలో ఉంది. రేపు హెడ్‌లైటు మాడిపోయినా నువ్వు కోసిన వైరు వైపే వేలు చూపిస్తారు. ఫ్యూజ్ బాక్స్ లోంచే తీసుకోవాలి. ఫ్యూజ్ ట్యాప్ అని ఒక చిన్న వస్తువు దొరుకుతుంది. ఉన్న ఫ్యూజు పీకి ఆ చోట దీన్ని గుచ్చితే, పాత ఫ్యూజుకూ కొత్త ఫ్యూజుకూ అందులోనే చోటుంటుంది. ఫ్యూజుల్లో పెద్ద సైజు, మినీ, అంతకన్నా పొట్టివి ఉంటాయి కాబట్టి ఒక ఫ్యూజు పీకి పట్టుకెళ్లి సరిపోయేదే కొను. సరిపోనిదాన్ని నెట్టి గుచ్చితే సాకెట్ నోరు వెడల్పయి జీవితాంతం లూజు కాంటాక్టే.

ఏ ఫ్యూజు? వోల్టులు కొలిచే మల్టీమీటరు నలుపు కొనను ఎర్త్‌కు పెట్టి, ఎరుపు కొనతో ఫ్యూజు నెత్తిమీద కనిపించే రెండు చిన్న లోహపు చుక్కల్ని తాకుతూ పో. కీ తీసినప్పుడు సున్నా, ఏసీసీలో పన్నెండు, సెల్ఫ్ కొట్టేటప్పుడు సున్నా చూపించేది నీకు కావాల్సింది. మ్యూజిక్ సిస్టమ్‌దో ఛార్జింగ్ సాకెట్‌దో అయి ఉంటుంది. కానీ కొన్ని బండ్లలో సాకెట్‌కు ఎప్పుడూ కరెంటు ఉంటుంది, అందుకే కొలవమంటున్నా. ఏసీసీ లైను ఏదీ దొరక్కపోతే వైపరు ఫ్యూజుతో సరిపెట్టుకో, అది ఆన్‌లో వస్తుంది. కీ తీసిన వెంటనే కొలవొద్దు. ఈ బండ్లలో కీ తీశాక కూడా కంప్యూటరు కాసేపు మేలుకునే ఉంటుంది, కొన్ని లైన్లలో అప్పటిదాకా 12 వోల్టులు కనిపిస్తుంది. టీ తాగొచ్చి కొలువు. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజిన్ కంప్యూటరు అని రాసి ఉన్న ఫ్యూజుల జోలికి ఎంత ఖాళీగా కనబడ్డా పోకూడదు. పసుపు తొడుగులో వెళ్లే వైర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి పక్కన చెయ్యే పెట్టొద్దు. పాతకాలం బల్బు టెస్టర్ కూడా ఈ బండికి వద్దు. ఆ బల్బు లాగే కరెంటే కొన్ని సర్క్యూట్లకు ఎక్కువ.

ఫ్యూజ్ ట్యాప్‌ను రెండు వైపులా తిప్పి గుచ్చొచ్చు, రెండు విధాలా పనిచేస్తుంది. కానీ ఒకటే సరైనది. గుచ్చాక కీ ఏసీసీలో పెట్టి పాత ఫ్యూజు ఒక్కటీ పీకి చూడు. కొత్త వైరులో కరెంటు ఇంకా ఉంటే సరిగ్గా పెట్టినట్టు. పోయిందంటే నీ కరెంటు కూడా పాత ఫ్యూజు మీదుగానే వస్తోందన్నమాట, తీసి తిప్పి గుచ్చు. ఆ ట్యాప్‌లో కొత్త ఫ్యూజు అన్నిటికన్నా చిన్నది పెట్టు. కాయిల్‌కు 3 ఆంపియర్లే ఎక్కువ.

లావు వైరు లెక్క ఇది. వాట్లను 12తో భాగించు, ఆంపియర్లు వస్తాయి. ఫ్యాను 15 వాట్లు, ఛార్జరు 36 వాట్లు, కెమెరా 6 వాట్లు అనుకుందాం. అంతా కలిపి 57, అంటే 5 ఆంపియర్ల లోపే. ముందుముందు ఇంకేదో పెడతావని నాకు తెలుసు కాబట్టి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగి, 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టమంటాను. దీన్ని చాదస్తం అనుకోకు. ఒక చదరపు మిల్లీమీటరు వైరులో 10 ఆంపియర్లు ఐదు మీటర్లు నడిచేసరికి సుమారు 0.9 వోల్టు దారిలోనే పోతుంది. 2.5 అయితే పోయేది 0.36. ఛార్జరు మెల్లగా ఎక్కుతోంది, ఫ్యాను నీరసంగా తిరుగుతోంది అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం సన్న వైరే. బజారులో రాగి పూత పూసిన అల్యూమినియం వైరు కూడా అమ్ముతారు. ఒక పోగును బ్లేడుతో గీరు, లోపల తెల్లగా మెరిస్తే అక్కడే వదిలెయ్. ఇంటి వైరింగ్‌లో మిగిలిన ముక్క ఉంది కదా అని తేవద్దు. మామూలు ఇంటి వైరు తొడుగు 70 డిగ్రీల వేడికి చేసింది. మే నెలలో ఇంజిన్ పక్కన అది నిలవదు. ఆటో వైరు అని అడుగు, వంద దాటినా తట్టుకునేది ఇస్తారు.

ఫ్యూజు కాపాడేది వైరును, ఫ్యానును కాదు. అందుకే దాని చోటు బ్యాటరీ దగ్గర. పాజిటివ్ టెర్మినల్ నుంచి జానెడు దూరంలోపే ఉండాలి. ఫ్యాను దగ్గర పెడితే, మధ్యలో వైరు ఒరుసుకుపోయి రేకుకు తగిలిందనుకో, ఆపేవాడు ఉండడు. బ్యాటరీలో ఉన్నదంతా ఆ వైరులోంచే పోతుంది, క్షణాల్లో ఎర్రబడుతుంది. రంగులు గుర్తుపెట్టుకో: ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. పోయిన ఫ్యూజు స్థానంలో అదే రంగు పడాలి. మళ్లీ పోయిందంటే వెతకాల్సింది తప్పు ఎక్కడుందో, పెద్ద ఫ్యూజును కాదు.

ఇంజిన్ వైపు నుంచి క్యాబిన్‌లోకి వైరు తెచ్చేటప్పుడు కంపెనీ వైర్లు వచ్చే రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకు తొడిగిన రబ్బరు) లోంచే తీసుకురా. ఊరికే రేకుకు రంధ్రం కొట్టి దూర్చితే ఆ అంచు కత్తిలా కోస్తుంది, బండి అదురుతూనే ఉంటుంది కదా. సైలెన్సరుకూ, స్టీరింగ్ రాడ్డుకూ, పెడల్స్‌కూ దూరంగా పోనివ్వు. మొత్తం దారి పొడవునా ముడతల స్లీవ్ తొడిగి, జానెడు జానెడుకు టై కట్టు.

అతుకుల సంగతి కొంచెం గట్టిగానే చెబుతాను. మెలిపెట్టి టేపు చుట్టడం అతుకు కాదు. ఎండాకాలం డ్యాష్‌బోర్డు వెనక టేపు జిగురు కారిపోయి, చుట్టు విప్పుకుంటుంది, రాగి బయటపడుతుంది. సోల్డరింగ్ మంచిదే గానీ డీజిల్ బండి అదురుకు, సీసం ఎక్కడ ఆగిందో సరిగ్గా ఆ పక్కన పోగులు తెగిపోతాయి. వైరు సైజుకు సరిపోయే లగ్గు (వైరు కొనకు తొడిగి నొక్కే లోహపు ముక్క), లగ్గు నొక్కే అసలు ప్లయరు, పైన వేడికి ముడుచుకునే స్లీవ్. ఇవి మూడూ ఉంటే చాలు. నొక్కాక గట్టిగా లాగి చూడు. చేతికి ఊడొచ్చేది రోడ్డు మీద ఎలాగూ ఊడుతుంది, ఇప్పుడే రానీ. మామూలు కటింగ్ ప్లయరుతో చితక్కొట్టి లగ్గు అంటే ఒప్పుకోవద్దు.

ఎర్త్ కూడా పాజిటివ్ అంత ముఖ్యమే. దొరికిన స్క్రూ కింద వైరు దూర్చేస్తారు, అడుగున పెయింటు ఉంటుంది. బాడీకి గట్టిగా వెల్డయి ఉన్న రేకు దగ్గర ఒక బోల్టు చూసుకుని, కింద పెయింటు మెరిసేదాకా గీకి, పళ్ల వాషరు వేసి బిగించి, పైన కాస్త గ్రీజు పూయి. బాగుందో లేదో ఇలా తెలుస్తుంది: అన్నీ ఆన్ చేసి, మీటరు ఒక కొన ఫ్యాను నెగటివ్‌కు, ఇంకోటి బ్యాటరీ నెగటివ్‌కు పెట్టు. 0.1 వోల్టు, మహా అయితే 0.2. అంతకన్నా చూపిస్తే బోల్టు విప్పి మళ్లీ గీకు.

పని మొదలుపెట్టేముందు కీ తీసి, కాసేపాగి, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పు. ముందు నెగటివే. పాజిటివ్ విప్పుతూ పానా జారి బాడీకి తగిలితే మెరుపే, చేతికి ఉంగరం ఉంటే వేలికి కూడా. నెగటివ్ ముందే ఊడి ఉంటే ఆ భయం లేదు. పెట్టేటప్పుడు అదే చివర. ఉంగరం, కడియం తీసి జేబులో వేసుకో.

అంతా అయ్యాక ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీ మీద 13.8 నుంచి 14.4 మధ్య వోల్టులు చూపించాలి, ఫ్యాను, ఛార్జరు, లైట్లు అన్నీ వేసినా సరే. తర్వాత అసలు పరీక్ష. కీ తీసి, బాడీ లైట్లు ఆపి, తలుపులు వేసి, అరగంట వదిలెయ్. నెగటివ్ కేబుల్ ఊడదీసి, మీటరును 10 ఆంపియర్ల సాకెట్‌లోకి మార్చి, కేబుల్‌కూ బ్యాటరీకీ మధ్య కలుపు. కలపగానే కాసేపు ఎక్కువ చూపించి తర్వాత తగ్గుతుంది, ఓపిక పట్టు. చివరికి 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే బాగున్నట్టు. ఆ మీటరు అలా ఉండగా సెల్ఫ్ కొట్టావంటే మీటరు ఫ్యూజు పోతుంది, జాగ్రత్త. ఎక్కువ చూపిస్తే ఒక్కో ఫ్యూజూ పీకుతూ పో. ఏది పీకితే అంకె పడిందో ఆ లైనులోనే దొంగ ఉన్నాడు. బండ్లలో చాలాసార్లు ఆ దొంగ కంపెనీ సామాను కాదు, మనం తగిలించిన చౌక ఛార్జరే.

హారను లిస్టులో లేనందుకు సంతోషం. రాగాలు తీసే హారన్లు కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 119వ నిబంధన ప్రకారం కూడదు. షాపువాడు ఊరికే ఇస్తానన్నా వద్దను.

ఈ ఉత్తరం తీసుకెళ్లి షాపువాడికి చదివి వినిపించకు, చిన్నబుచ్చుకుంటాడు. రిలే, బ్యాటరీ దగ్గర ఫ్యూజు, లగ్గులు కావాలని అడుగు, అదనంగా ఎంతవుతుందో అడుగు. చేస్తానంటే పక్కనే నిలబడి చేయించుకో. "అవన్నీ ఎందుకండీ" అంటే నవ్వి వచ్చెయ్, ఆదివారం బండి మా ఇంటికి తోలుకురా. బాడీ లైట్లు మాత్రం కొనేముందు ఒక్కోటి ఎన్ని వాట్లో ఫోన్ చేసి చెప్పు. 18 వాట్లవి రెండైతే 3 ఆంపియర్లు, వాటి లైనుకు 5 ఆంపియర్ల ఫ్యూజు చాలు. నువ్వు పెద్దవాటి మీద మనసు పడితే వాటికి ఇంకో రిలే తెప్పించి ఉంచుతాను.

మావయ్య